పిచికారీ యంత్రపు బ్యాటరీ – దాని పోషణ



మిరపతోటలో తామర పురుగు కనబడిన నాడు, మల్లెతోటలో మొగ్గతొలుచు పురుగు చేరిన నాడు, రైతు చేయు మొదటి పని కొట్టములోని పిచికారీ యంత్రమును దింపి మీట నొక్కుట. పంపు ఒక్కసారి మూలిగి ఊరకుండును. నిరుడు చక్కగా పనిచేసిన యంత్రమే. నాలుగు నెలలుగా ఎవరును ముట్టలేదు. ముట్టనిది ఎట్లు చెడినదని ఇంటిల్లిపాదియు ఆశ్చర్యపడుదురు. ముట్టకపోవుట చేతనే చెడినది. పనిచేసి అలసి చచ్చు బ్యాటరీల కంటె ఆకలితో మూలబడి చచ్చునవే ఎక్కువగా నాకు కనబడుచున్నవి.

వీపున తగిలించుకొను ఈ యంత్రములలో తొట్టి క్రింది అరలో నల్లని చిన్న పెట్టె వంటి బ్యాటరీ యుండును. మన తోటలలో తరచుగా కనబడునది 12 వోల్టుల, 8 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే 1859లో నిర్మించిన బ్యాటరీకి ఇది మునిమనుమడు. లోపల సీసపు పలకలు, సీసపు ఆక్సైడు పలకలు, వాని నడుమ గంధకామ్లము. మోటారుకారు బ్యాటరీలో ఆమ్లము నీటివలె కదలాడును. దీనిలో గాజునూలు చాపలు దానిని పీల్చుకొని యుండును. కనుక దీనికి నీరు పోయ నక్కరలేదు. మూత ఊడదీయనే రాదు.

రేడియో శ్రోతలకు బ్యాటరీ క్రొత్తది కాదు. విద్యుత్తు రాని గ్రామములలో ఒకప్పుడు పంచాయతీ రేడియో బ్యాటరీ మీదనే పలికెడిది. అది నీరసించిన నాడు వార్తలును లేవు, పాటలును లేవు. దానిని ఛార్జింగునకు పంపుట మరచిన వానికి ఊరిలో మాట దక్కెడిది కాదు.

ఇక ఆకలి యనగా నేమి? బ్యాటరీ కరెంటు నిచ్చునపుడు రెండు పలకల మీదను లెడ్ సల్ఫేటు అను తెల్లని పదార్థ మేర్పడును. ఛార్జి చేసినచో అది మరల సీసముగను, ఆక్సైడుగను మారును. అన్నము తిన్న వెంటనే కడిగిన కంచమునకును, మూడునాళ్లు ఎండిన కంచమునకును గల భేదము గృహిణులు ఎరుగనిది కాదు. సల్ఫేటు సంగతియు అంతే. ఆ రాత్రియే ఛార్జి పెట్టినచో సులభముగా పోవును. నెలల తరబడి విడిచినచో గట్టి స్ఫటికములై పేరుకొనును. పిమ్మట ఏ ఛార్జరును దానిని కరగింపజాలదు.

"పూర్తిగా దిగిన తరువాతనే ఎక్కింపవలె" నను మాట యొకటి ఊళ్లలో తిరుగుచున్నది. అది నికెల్-కాడ్మియం జాతి బ్యాటరీలను గూర్చి పుట్టిన మాట. సీసపు బ్యాటరీ విషయమున అది హానికరము. ప్రతిసారియు అడుగంట వాడినచో ఇది సుమారు 200, 300 మార్లు పనిచేయును. సగముతో ఆపుచు వచ్చినచో దాదాపు రెట్టింపు మార్లు వచ్చును. పంపు ధ్వని సన్నగిల్లి, తుంపర బలము తగ్గినదనగానే మీట ఆపవలెను. ఇంకొక్క సాలు మిగిలినదని లాగుట లాభము కాదు.

పనిలేని మాసములలో సంగతి మరింత ముఖ్యము. ఏ పనియు చేయకున్నను బ్యాటరీ తన శక్తిని కొంచెము కొంచెముగా పోగొట్టుకొనుచుండును. 25 డిగ్రీల వేడిమిలో నెలకు నూటికి మూడు పాళ్ల వరకు పోవును. వేడిమి పది డిగ్రీలు పెరిగినచో ఆ నష్టము సుమారు రెట్టింపగును. మే నెలలో రాయలసీమలోనో, తెలంగాణములోనో రేకుల కొట్టములో పెట్టిన బ్యాటరీ గతి ఊహింపవచ్చును. నిండుగా ఛార్జి చేసి, తీగలు విడదీసి, ఇంటి పంచలో నీడగా, చల్లగా నుండు గూటిలో పెట్టి, రెండు నెలల కొకసారి, వేసవిలో నెల కొకసారి మరల ఛార్జి చేయవలెను. జ్ఞాపకముండదందురా, అమావాస్య నాడు పెట్టుకొనుడు. తిథికిని బ్యాటరీకిని సంబంధ మేమియు లేదు; అమావాస్యను మాత్రము మన యిండ్లలో ఎవరును మరువరు.

ఛార్జి చేయునపుడు యంత్రముతో వచ్చిన ఛార్జరునే వాడవలెను. 1.7 ఆంపియర్ల ఛార్జరుతో ఖాళీ బ్యాటరీ నిండుటకు సుమారు ఆరు గంటలు పట్టును. త్వరగా నిండునని ట్రాక్టరు బ్యాటరీ ఛార్జరుకు తగిలించువారు కలరు. ఇంత చిన్న బ్యాటరీ 2.4 ఆంపియర్లకు మించి తాళదు. పది ఆంపియర్లు పంపినచో కాగి, ఉబ్బి, పగులవచ్చును. ఛార్జరుపై ఎఱ్ఱ దీపము పోయి పచ్చ దీపము వచ్చిన పిదప తీసివేయవలెను. కొన్ని గంటలు ఊరకుంచి మల్టీమీటరుతో చూచినచో మంచి బ్యాటరీ 12.8 వోల్టుల దరిదాపున నిలుచును. చేయి పెట్టలేనంత వేడెక్కిన దానిని, ఉబ్బిన దానిని ఛార్జి చేయుట వెంటనే మానవలెను.

ఎక్కువగా ఛార్జి యైనపుడు బ్యాటరీ నుండి ఉదజని వాయువు వెలువడును. గాలిలో నూటికి నాలుగు పాళ్లు చేరినచో అది నిప్పురవ్వకు పేలును. కావున మూసిన పెట్టెలోను, వంటపొయ్యి చెంతను ఛార్జి చేయరాదు. బోరుమోటారు చెంత తడినేలపై పెట్టుటయు ప్రమాదమే. పొడి బల్లపై పెట్టి, పొడిచేతులతో ప్లగ్గు తగిలింపవలెను.

అయినను, ఇంటిలో ఛార్జి పెట్టువారిని గూర్చి నాకు గల పెద్ద భయము ఉదజని కాదు, పురుగు మందు. పొలము నుండి తెచ్చిన యంత్రమును కడుగక, తొట్టిలో మందు మిగిలియుండగనే, పిల్లలు పండుకొను గదిలో గోడవార నిలుపుట నేను పలుచోట్ల చూచితిని. తొట్టి కారి ఆ నేలపై పడిన చుక్కలలో ప్రాకెడి బిడ్డ చేతులు పెట్టి, ఆ చేతులే నోట పెట్టుకొనును. తొట్టిని బావికిని చెరువునకును దూరముగా కడిగి, ఆరబెట్టి, వసారాలో పిల్లల కందని యెత్తున ఉంచి ఛార్జి చేయుడు. మందు కారిన చోట బ్యాటరీ కొనలకు చిలుము పట్టును. తీగలు విడదీసి గరుకు కాగితముతో గీకి, పొడిగుడ్డతో తుడువవలెను.

తీగలు మరల తగిలించునపుడు ఎఱ్ఱతీగ ఎఱ్ఱ గుర్తుకే. చేతి ఉంగరమో, గాజో, తాళపు చెవియో రెండు కొనలకును ఒక్కసారి తగిలినచో క్షణములో కాలి చర్మమునకు అంటుకొనును. ఫ్యూజు పోయినచో అంతటి ఫ్యూజునే వేయవలెను. రాగితీగ చుట్టి పని జరుపుకొను తెలివి మాత్రము వలదు.

ఇటీవల లిథియం బ్యాటరీల యంత్రములును వచ్చినవి. అవి తేలిక. వానిని నెలలపాటు నిండుగా దాచుటకంటె సగము ఛార్జితో దాచుట మేలు. సీసపు బ్యాటరీ ఛార్జరును వానికి తగిలింపరాదు.

చచ్చిన సీసపు బ్యాటరీని చెత్తలో వేయరాదు. పగులగొట్టి వల గుండ్లకు సీసము కరగించుట అంతకంటె కీడు, సీసపు పొగ బిడ్డల మెదడునకు విషము. 2022 నాటి నిబంధనల ప్రకారము పాత బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులది. అంగడిలో పాతది ఇచ్చియే క్రొత్తది కొనుడు. కొనునపుడు దానిపై తయారైన మాసము చూడుడు. ఏడాదిగా అంగడి అలమరలో ఛార్జి లేక పడియున్నది అచ్చటనే ఆకలిగొని యుండును. మల్టీమీటరు పెట్టించి 12.6 వోల్టులకు తక్కువైనచో వేరొకటి అడుగుడు.