వార్త, సాక్ష్యం, న్యాయం

అల్లాహ్‌కు స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

అన్యాయాన్ని ఎదిరించి వీధిలోకి వచ్చిన ప్రజలకు రెండు పరీక్షలు ఎదురవుతాయి. ఒకటి అధికారం పెట్టే పరీక్ష. రెండవది వార్త పెట్టే పరీక్ష.

2019 డిసెంబరులో ఢిల్లీలోని షాహీన్‌బాగ్ స్త్రీలు పౌరసత్వ సవరణ చట్టాన్ని నిరసిస్తూ రహదారిపై బైఠాయించారు. 2020 మార్చి 24న ఆ శిబిరాన్ని తొలగించేవరకు సుమారు నూరు రోజులు నిలిచారు. వారు డబ్బు తీసుకుని కూర్చున్నారన్న అపనింద దేశమంతటా ప్రచారమైంది. వారిలో కొందరు న్యాయవాది ద్వారా పరువు నష్టం నోటీసు పంపి సమాధానమిచ్చారు. ఇది ధర్మసమ్మతమైన మార్గం. అయితే అదే శిబిరం వద్ద కొందరు టీవీ విలేఖరులను అడ్డుకుని తోసివేసిన ఘటనా జరిగింది. అది తగని పని. చేయి లేచిన చోట మన మాటకు విలువ తగ్గుతుంది.

2020 చివరలో ఢిల్లీ సరిహద్దులకు చేరిన రైతులు, తమ మాట సరిగా వినిపించడం లేదని భావించి, డిసెంబరు 18న 'ట్రాలీ టైమ్స్' అనే పత్రికను పంజాబీ, హిందీ భాషలలో ప్రారంభించారు. 2021 జనవరి 26న కొందరు ఎర్రకోటలోకి ప్రవేశించగా, నిర్ణీత మార్గాలలో శాంతియుతంగా సాగిన వేలాదిమంది కథ మరుగునపడింది. కొందరి ఆవేశానికి అందరూ మూల్యం చెల్లించారు. అయినా రైతులు సహనంతో నిలిచారు. ఆ నవంబరు 29న పార్లమెంటు ఆ చట్టాలను రద్దు చేసింది.

సోదరులారా! హజ్రత్ ఆయిషా (రజి)పై అపనింద మోపబడినప్పుడు మదీనా నగరమే కలత చెందింది. దానిని నోట పలికినవారిలో విశ్వాసులు కూడా ఉన్నారు. విన్న వెంటనే తోటివారి పట్ల సదభిప్రాయం వహించి, సాక్ష్యం అడగవలసిందని ఖుర్ఆన్ వారిని మందలించింది. ఆమె నిర్దోషిత్వం వెల్లడైన పిదప, అపనింద మోసిన బంధువు మిస్తహ్‌కు ఇక సహాయం చేయనని హజ్రత్ అబూబక్ర్ (రజి) ప్రమాణం చేశారు. అల్లాహ్ క్షమాగుణాన్ని బోధించగా, ఆయన ఆ సహాయాన్ని తిరిగి కొనసాగించారు. తన కుమార్తెను బాధించినవానికే అన్నం ఆపని ఆదర్శమది!

కనుక మన పట్ల అన్యాయంగా వ్రాసినవారి విషయంలోనూ మనం న్యాయం తప్పరాదు. ఒక జాతిపై ద్వేషం న్యాయానికి అడ్డు రారాదన్నది ఖుర్ఆన్ ఆదేశం. అబద్ధపు వార్తకు మరో అబద్ధపు వీడియో జవాబు కాదు. విన్నదంతా చెప్పుకుంటూ పోవడమే మనిషిని అబద్ధీకుణ్ణి చేయడానికి చాలునని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. నేడు ఫోనులో వచ్చినదానిని పరిశీలించక ఇతరులకు పంపడం ఆ హెచ్చరిక పరిధిలోనిదే. అన్యాయం జరిగితే తేదీ, స్థలం, సాక్షులతో నమోదు చేయండి. సంపాదకునికి మర్యాదగా వ్రాయండి. అవసరమైతే చట్టాన్ని ఆశ్రయించండి. నిజం వ్రాసిన విలేఖరికి, అతడు ఏ మతస్థుడైనా, కృతజ్ఞత తెలపండి.

ఓ అల్లాహ్! మా నాలుకలకు సత్యాన్ని, మా హృదయాలకు సహనాన్ని, మా తీర్పులకు న్యాయాన్ని ప్రసాదించు. ఆమీన్.