గసగసాలు, బలురక్కసి



షాద్‌నగర్ చుట్టుపక్కల ఏ ఊరి బాట పట్టినా ఒక ముళ్ల మొక్క కనిపిస్తుంది. చెలక గట్ల మీద, దిబ్బల మీద మొలుస్తుంది. ఆకుల మీద తెల్లని గీతలు ఉంటాయి. ఆకు అంచున ముళ్లు. పువ్వు పసుపు రంగు. కొమ్మ తుంచితే పసుపు రంగు పాలు కారతాయి. పశువులు దాన్ని ముట్టవు. అందుకే అది బాగా పెరుగుతుంది.

దాని పేరు బలురక్కసి. బలు అంటే పెద్ద. రక్కసి అంటే రాక్షసి. ముళ్లు గుచ్చుకున్నవాళ్లే ఆ పేరు పెట్టి ఉంటారు!

ఈ మొక్క మెక్సికో దేశం నుంచి వచ్చింది. వంటింట్లోని గసగసాలకు ఇది చుట్టం. రెండూ ఒకే కుటుంబం మొక్కలు.

ముందు గసగసాల సంగతి. కొబ్బరితో నూరి మాంసం కూరలో వేస్తారు. నిద్ర పట్టనివాళ్లు పాలల్లో నూరుకొని తాగుతారు. ఇది పాత వాడకమే. గింజలో మత్తు దాదాపు ఉండదు. మత్తంతా కాయలో ఉంటుంది. పచ్చి కాయకు గాటు పెడితే తెల్లని పాలు వస్తాయి. ఆ పాలు గడ్డకడితే నల్లమందు.

అందుకే ఈ పంట ఎవరు పడితే వాళ్లు వేయకూడదు. 1985లో దీనిపై గట్టి చట్టం వచ్చింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో కొందరు రైతులకే లైసెన్సు ఇస్తారు. నల్లమందు నుంచి మార్ఫిన్ అనే మందు తీస్తారు. కేన్సర్ నొప్పికి డాక్టర్లు అది ఇస్తారు.

పూర్వం కూలికి పోయే తల్లులు కొందరు పసిబిడ్డకు చిటికెడు నల్లమందు నాకించేవాళ్లు. కొందరు పోస్తకాయ ఉడికించిన నీళ్లు పట్టేవాళ్లు. బిడ్డ ఏడవకుండా పడుకునేది. ఆ తల్లిని తిట్టి లాభం లేదు. బిడ్డను చూసే దిక్కు లేదు. కూలి పోతే పూట గడవదు. కానీ ఆ నిద్ర మంచి నిద్ర కాదు. బిడ్డకు ఊపిరి మెల్లగా అవుతుంది. ఒక్కోసారి ఆగిపోతుంది. ఆకలైనా బిడ్డ లేవదు. పాలు తాగదు. చిక్కిపోతుంది. ఎవరైనా పట్టించారని తెలిస్తే, బిడ్డ మత్తుగా ఉంటే, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఏం పట్టించారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

ఇక బలురక్కసి. దీని పాలు గజ్జికి, తామరకు రాస్తే పోతాయని పెద్దలు అంటారు. కంటికి పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. కంటికి అసలే పెట్టకూడదు. దీన్ని బ్రహ్మదండి అని కూడా పిలుస్తారు. కానీ అదే పేరుతో ఇంకో మందు మొక్క ఉంది. పేరు ఒకటే, మొక్కలు వేరు. పేరు విని మందు నూరితే మోసపోతారు.

దీని గింజలు లోపలికి పోతే విషం. అవి నల్లగా, చిన్నగా ఆవాల లాగే ఉంటాయి. ఆవాల చేలో ఇది కలుపుగా మొలుస్తుంది. కోతలో గింజలు కలుస్తాయి. లాభం కోసం కావాలని కలిపేవాళ్లూ ఉంటారు. 1998లో ఢిల్లీలో ఇట్లా కల్తీ అయిన ఆవనూనె తిని దాదాపు 3000 మంది జబ్బుపడ్డారు. 60 మందికి పైగా చనిపోయారు. కాళ్లు రెండూ వాచినయి. ఆయాసం వచ్చింది. గుండె దెబ్బతిన్నది. కొందరికి కళ్లు కూడా పాడైనయి.

ఇక్కడ ఆవనూనె వాడకం తక్కువే. అయినా పోపులో ఆవాలు లేని ఇల్లు లేదు. విడి ఆవాలు కొంటే ఒక పిడికెడు తెల్ల కాగితం మీద పోయండి. ఆవగింజ నున్నగా ఉంటుంది. బలురక్కసి గింజ గరుకుగా ఉంటుంది. అనుమానం వస్తే గోటితో నొక్కండి. ఆవగింజ లోపల పసుపు. బలురక్కసి గింజ లోపల తెలుపు. ఇంట్లో అందరికీ ఒకేసారి కాళ్లు వాస్తే ఆ నూనె, ఆ ఆవాలు వాడడం ఆపండి. వాటిని పారేయకుండా మూటగట్టి దవాఖానకు తీసుకుపోయి చూపించండి.