ఐదేళ్లు తాళం పడిన బడులు

  

ఈ రోజు మనం సముద్రాల అవతలి ఒక చిన్న ఊరి గురించి మాట్లాడుకుందాం. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ, ఫార్మ్‌విల్ అనే ఊరు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అక్కడి నల్లజాతి పిల్లలు చదువు కోసం ఏం చేశారో, అందుకు ఏం పోగొట్టుకున్నారో మనకు తెలియాలి.

ఆ కాలంలో అమెరికా దక్షిణాదిన తెల్లవారి పిల్లలకు ఒక బడి, నల్లవారి పిల్లలకు వేరే బడి. సమానంగా ఉంటే చాలు, వేరుగా ఉంచినా తప్పు లేదని 1896లో రైలు పెట్టెల కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాటను పట్టుకుని అంతటా వేరు చేశారు. సమానం సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఫార్మ్‌విల్‌లో నల్లవారి పిల్లల కోసం 1939లో కట్టిన మోటన్ హైస్కూలులో 180 మందికి చోటుంది. 1951 నాటికి అందులో 450 మందికి పైగా చదువుతున్నారు. చోటు చాలక ఆవరణలో చెక్క షెడ్లు వేసి తారు కాగితం కప్పారు. కోళ్లగూళ్లలా ఉన్నాయని ఊళ్లో అనుకునేవారు. వాన పడితే కారేవి. చలికాలం పొయ్యి దగ్గర కూర్చున్న పిల్లకు చెమటలు, దూరంగా కూర్చున్న పిల్లకు వణుకు. సైన్స్ ల్యాబు లేదు, భోజనశాల లేదు.

బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల అమ్మాయి సంగీతం టీచరుతో ఈ గోడు చెప్పుకుంది. మీరే ఏదైనా చేయొచ్చు కదా అన్నారు టీచరు. ఆ మాట అమ్మాయి మనసులో నాటుకుంది. నమ్మకమైన కొద్దిమంది తోటి పిల్లలతో నెలల తరబడి గుట్టుగా ఆలోచన చేసింది. 1951 ఏప్రిల్ 23న హెడ్మాస్టరును ఒక దొంగ ఫోనుతో బయటికి పంపి, పిల్లలందరినీ హాలులో కూర్చోబెట్టారు. తెర తీస్తే వేదిక మీద ఉన్నది బార్బరా! మంచి బడి కావాలి, వచ్చేవరకు తరగతులకు వెళ్లొద్దు అంది. పిల్లలంతా లేచి బయటికి నడిచారు. సమ్మె రెండు వారాలు సాగింది.

పిల్లల ఉత్తరం అందుకుని ఎన్‌ఏఏసీపీ లాయర్లు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ వచ్చారు. కొత్త భవనం కోసమైతే మేం కేసు వేయం, వేరుచేయడమే పోవాలంటే వేస్తాం అన్నారు. పిల్లలు, తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. కేసు నడుస్తుండగానే 1953లో కౌంటీ కొత్త హైస్కూలు కట్టించింది. అయినా వాళ్లు కేసు వదల్లేదు. 1954 మే 17న సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పులో బడుల్లో జాతి విభజన చెల్లదని చెప్పింది. ఆ తీర్పులో కలిసిన ఐదు కేసుల్లో ఈ పిల్లల కేసు ఒకటి.

గెలిచాం అనుకునేలోపే అసలు కష్టం మొదలైంది. తెల్ల పిల్లల పక్కన నల్ల పిల్లలను కూర్చోబెట్టడం ఇష్టం లేక, 1959లో కౌంటీ పెద్దలు ప్రభుత్వ బడులకు డబ్బు ఆపేసి అన్నింటికీ తాళాలు వేశారు. తెల్ల పిల్లల కోసం ప్రైవేటు అకాడమీ వెలిసింది. నల్ల పిల్లలకు ఏమీ మిగల్లేదు. కొందరిని దూరపు చుట్టాల ఇళ్లకు పంపారు. కొందరికి చర్చిల్లో నాలుగు అక్షరాలు నేర్పారు. చాలామంది పొలం పనులకు వెళ్లారు. 1964లో సుప్రీంకోర్టు మళ్లీ కలగజేసుకున్నాకే ప్రభుత్వ బడులు తెరుచుకున్నాయి. 1959లో ఆరేళ్లున్న పిల్లకు అప్పటికి పదకొండేళ్లు. కొందరు ఇక బడి ముఖమే చూడలేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ కథలో బార్బరా ధైర్యాన్ని అందరూ చెబుతారు. చెప్పాలి కూడా. కానీ ఆ ఐదేళ్లు పోగొట్టుకున్న పిల్లలను మనం మరవకూడదు. పెద్దయ్యాక వాళ్లలో ఎవరికైనా చదవడం రాకపోతే, అది వాళ్ల తెలివి తక్కువతనమా? తాళం వేసిన చేతులది కాదా తప్పు? 2004లో వర్జీనియా శాసనసభ వాళ్ల కోసం ప్రత్యేక స్కాలర్‌షిప్పు పెట్టింది. అప్పటికి వాళ్లకు తల నెరిసింది.

మన ఇళ్లలోనూ వేలిముద్ర వేసే తాతలు, అవ్వలు ఉన్నారు. బడే లేని రోజుల్లో పెరిగినవాళ్లు. వాళ్లను చూసి నవ్వే హక్కు మనకు లేదు. ఏడో తరగతిలోనో తొమ్మిదిలోనో ఆగిపోయిన మన తోటివాళ్లనూ మొద్దులని అనొద్దు. బడి దూరమా, హాస్టల్లో చోటు దొరకలేదా, ఇంట్లో జబ్బా, ముందు కారణం అడుగుదాం.

అందుకే మా కోరిక ఒక్కటే. ఈ పండుగ ముగిసి ఇళ్లకు వెళ్లాక, మీ గూడెంలో చదువు మానేసినవాళ్ల పేర్లు రాయండి. పక్కనే కారణం రాయండి. మళ్లీ బడికి వెళ్లగలిగినవాళ్లను వెంటబెట్టుకు వెళ్లండి, వయసు దాటినవాళ్లకు ఓపెన్ స్కూలు ఫారం నింపి పెట్టండి. ఫార్మ్‌విల్ పిల్లలు పెద్దలు కదిలేదాకా ఆగలేదు. మనమూ ఆగొద్దు.

జై ఆదివాసీ!