కార్శి లేని పంట



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట నడుస్తున్నదో ఆ అధ్యాపకులు, మన పెద్దసారు, బోధన్ ప్రాంతపు పిల్లలకు అర్థశాస్త్రం చెప్పారు. పుస్తకంలోని ప్రతి సూత్రాన్నీ ఊరి లెక్కతో సరిచూసుకోమనేవారు. ఆ దారిలోనే ఈ ఏడు ఖనిజ సంపద, దాని మీద వేసే పన్నుల గురించి నాలుగు మాటలు చెప్పదలచాను.

చెరకు నేల మీద నిలబడి మాట్లాడుతున్నాను కాబట్టి చెరకుతోనే మొదలుపెడతాను. తోట కొట్టాక మోళ్ల నుంచి కార్శి లేస్తుంది. నీళ్లు కట్టి, ఎరువు వేస్తే మరుసటి ఏడు మళ్లీ కోతకు వస్తుంది. గనిలోంచి తీసిన బొగ్గుకు కార్శి లేదు. ఒకసారి తీస్తే అంతే. అందువల్ల ఖనిజం అమ్మగా వచ్చిన సొమ్మును పంట సొమ్ములా ఖర్చు పెట్టకూడదు. అది పూర్వుల నుంచి వచ్చిన ఆస్తిని అమ్మగా వచ్చిన డబ్బు. ప్రభుత్వ పద్దుల్లో మాత్రం ఖనిజం తీసినందుకు వచ్చే రాయల్టీ పన్నేతర ఆదాయంగా చేరి, ఆ ఏడాది ఖర్చుల్లోనే కలిసిపోతుంది. భూమిలోంచి పోయిన ఆస్తికి బదులుగా భూమి మీద మరో ఆస్తి నిలవాలి. నేను చెప్పదలచినది ఇదే. జాన్ హార్ట్‌విక్ అనే ఆర్థికవేత్త 1977లో దీన్ని గణితంగా నిరూపించాడు. ఖనిజాల మిగులునంతా మళ్లీ ఆస్తుల మీద పెట్టిన దేశంలో తర్వాతి తరాల బతుకు దిగజారకుండా ఉంటుందన్నాడు.

సింగరేణి నేర్పిన పాఠం

మన దగ్గర బొగ్గు కథ 19వ శతాబ్దంలోనే మొదలైంది. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో నిజాం ప్రభుత్వం గనుల హక్కును వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరికి ఇచ్చింది. లండన్‌లో పది లక్షల పౌండ్ల మూలధనంతో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ వెలిసింది. అందులో అధిక భాగం వాటాలు హక్కు పొందినవారి చేతికే, డబ్బు కట్టకుండానే చేరాయి. ఆ వాటాలనే నిజాం ప్రభుత్వం ఎక్కువ ధర పెట్టి కొంది. తన నేలలోని సంపదను తానే తిరిగి కొనుక్కున్నట్టయింది. వ్యవహారం బ్రిటిష్ పార్లమెంటు దాకా పోయి 1888లో కామన్స్ సభ సెలెక్ట్ కమిటీ విచారణ జరిగింది. నిజాం పక్షాన బేరం నడిపిన అబ్దుల్ హక్ పదవి పోగొట్టుకున్నాడు. ఖనిజ ఒప్పందాలు చీకటిలో కుదిరితే ఏం జరుగుతుందో చెప్పడానికి వేరే దేశాల ఉదాహరణ మనకు అక్కర్లేదు.

ఆ చరిత్రకు రెండో ముఖం కూడా ఉంది. 1929లో హైదరాబాద్ ప్రభుత్వం కోటి రూపాయలతో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ ఏర్పాటు చేసింది. శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం నిలబడటానికి ఆ నిధి అండగా ఉంది. 1945లో ఆ బొగ్గు గనులను నడిపే సింగరేణి కంపెనీ మెజారిటీ వాటాలు ప్రభుత్వ చేతికి వచ్చాయి. 1949లో దాని నిర్వహణ కూడా ఆ ట్రస్ట్ ఫండ్‌కే అప్పగించారు. బొగ్గు, చక్కెర ఒకే నిధి నీడలోకి వచ్చాయన్నమాట. సర్కారు మిగులును ఏడాది ఖర్చుల్లో కరిగించకుండా కర్మాగారంగా మార్చిన పాలన ఇక్కడే జరిగింది. అయితే కట్టిన ఆస్తిని కాపాడుకోకపోతే అదీ మిగలదు. 2002లో ఆ కర్మాగారంలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతపడింది. బోధన్ రైతులకు, కార్మికులకు ఆ బాధ నేను వివరించనక్కర్లేదు.

పన్ను వేసే పద్ధతులు

ఖనిజాల మీద రాబడి రాబట్టడానికి ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి. మొదటిది టన్నుకు ఇంత అని స్థిరంగా తీసుకోవడం. కాటా ఒకటి సరిగ్గా ఉంటే చాలు, లెక్క తేలుతుంది. కాని ధర పెరిగితే ఆ లాభం గని నడిపేవాడికే పోతుంది. రెండోది విలువలో శాతం. బొగ్గు మీద రాయల్టీ ఒకప్పుడు టన్నుల లెక్కన ఉండేది. 2012 నుంచి విలువలో 14 శాతం చేశారు. రేటును నిర్ణయించేది కేంద్రం. చట్టం ప్రకారం మూడేళ్లకు ఒకసారి మించి పెంచడానికి వీల్లేదు. ఇందులో చిక్కు ఏమిటంటే, కంపెనీ తన సొంత మనుషులకే తక్కువ ధరకు అమ్మినట్టు చూపి విలువ తగ్గించవచ్చు. మూడోది లాభం మీద పన్ను. న్యాయమైన పద్ధతే, అయితే ఖర్చులు పెంచి లాభం దాచేవాడిని పట్టుకోగల యంత్రాంగం ఉండాలి.

నార్వేకు ఆ యంత్రాంగం ఉంది. చమురు లాభాల మీద 78 శాతం పన్ను వేసినా కంపెనీలు పోలేదు. 1990లో చమురు సొమ్ము దాచే నిధికి చట్టం చేసి, 1996లో మొదటి జమ వేశారు. ఇప్పుడు ఏటా నిధిలో మూడు శాతం మేరకే ఖర్చు పెట్టాలని నియమం. బోట్స్‌వానా 1967లో వజ్రాలు దొరికాక, గని కంపెనీలో తన వాటాను క్రమంగా సగానికి పెంచుకుంది. 1994లో పులా ఫండ్ అనే నిధిని ఏర్పాటు చేసింది. జాంబియా 1990ల చివర అప్పుల ఒత్తిడిలో రాగి గనులను అమ్మేసి, 0.6 శాతం రాయల్టీకి ఒప్పుకుంది. కొన్నేళ్లకే రాగి ధర ఆకాశానికి ఎగసింది. 2008లో అదనపు లాభాల పన్ను తెచ్చి, మరుసటి ఏడే తీసేసింది. మూడూ ఖనిజ సంపన్న దేశాలే. ఒప్పందం మీద సంతకం పెట్టే నాడు ఎవరికి బేరమాడే బలం ఉందన్నదే వాటి రాత మార్చింది.

మన దేశంలో రాయల్టీ పన్నా కాదా అన్న తగవు చాలాకాలం నడిచింది. పన్నేనని 1989లో ఇండియా సిమెంట్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2024 జులై 25న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఎనిమిది మంది మెజారిటీతో దాన్ని తోసిపుచ్చింది: రాయల్టీ పన్ను కాదు, ఖనిజం తీసుకునే హక్కు కోసం గుత్తేదారు యజమానికి చెల్లించే ప్రతిఫలం, ఖనిజ భూముల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉంది. జస్టిస్ నాగరత్న విభేదించారు. రాష్ట్రాల మధ్య పోటీ పెరిగి ఖనిజ రంగం దెబ్బతింటుందన్న ఆమె హెచ్చరికనూ తేలిగ్గా తీసిపారేయలేం. అయినా తీర్పులోని తర్కం నాకు నచ్చింది. రాయల్టీ అమ్మకపు ధర అయితే, ఆ ధరను ఆస్తిగా దాచాల్సిన బాధ్యత అమ్మినవాడిది.

గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో జిల్లా ఖనిజ నిధులు వచ్చాయి. పాత లీజులవాళ్లు రాయల్టీలో 30 శాతం, వేలంలో పొందినవాళ్లు పది శాతం ఈ నిధులకు అదనంగా కట్టాలి. గోవా ఇనుప ఖనిజం కేసులో సుప్రీంకోర్టు 2014లో అమ్మకపు విలువలో పది శాతంతో శాశ్వత నిధి పెట్టాలంది. తరతరాల వాటాను న్యాయస్థానం గుర్తించడం గొప్ప మలుపు.

మన ఖనిజం ఇసుక

బొగ్గు లేని మన నిజామాబాద్ జిల్లాకు ఈ గొడవ ఎందుకు? మన నదిలోనే గని ఉంది కాబట్టి. చట్టం దృష్టిలో ఇసుక చిన్న తరహా ఖనిజం. 1957 గనుల చట్టంలోని 15వ సెక్షన్ దాని నియమాలను రాష్ట్రాలకు వదిలింది.

ఏటా వరద వస్తుంది, ఇసుక తెస్తుంది, కాబట్టి తరగదని మనలో చాలామంది నమ్మకం. ఆ నమ్మకం ఆనకట్టలకు ముందు నిజం. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. దాని ఎగువన సింగూరు కట్టారు. 1963 జులై 26న నెహ్రూ ఈ పోచంపాడులో శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ 112 టీఎంసీలకు కట్టినది. పూడిక వల్ల అది సుమారు 80 టీఎంసీలకు పడిపోయిందని సర్వేల్లో తేలింది. జలాశయంలోకి వచ్చిన ముతక ఇసుక ముందే, నీళ్లు నెమ్మదించే మొదటి చోట, దిగిపోతుంది. సన్నని ఒండ్రు కట్ట దాకా వస్తుంది. కట్ట దిగువకు వెళ్లేది తేటనీరు. అంటే నిజాంసాగర్ దిగువన బీర్కూరు, బోధన్ వైపు మంజీరలోనూ, పోచంపాడు దిగువన గోదావరిలోనూ ఉన్న ఇసుకలో ఎక్కువ భాగం పాత నిల్వే. వాగులు తెచ్చేది కొంత తప్ప, అదీ బొగ్గులాంటిదే.

ఒడ్డున తవ్విన గుంత అంచును ఎప్పుడైనా దగ్గరగా చూడండి. పైన తెల్లని పొడి ఇసుక, దాని కింద చెమ్మతో ముదిరిన రంగు, అడుగున సన్నగా కారే ఊట. ఆ ఊటే ఒడ్డు పొలాల బోర్లకు ప్రాణం. ముతక ఇసుక క్యూబిక్ మీటరుకు సుమారు 250 లీటర్ల నీరు నిలిపి వదులుతుంది. ఒక హెక్టారులో రెండు మీటర్ల లోతు తీస్తే 20 వేల క్యూబిక్ మీటర్లు. అంటే 50 లక్షల లీటర్ల నీరు నిలిచే చోటు పోయింది. నది నిండిన ప్రతిసారీ ఆ నష్టం మళ్లీ జరుగుతుంది. ఇసుక మీద ప్రభుత్వం వసూలు చేసే సీనరేజీ మాత్రం ఒక్కసారే వస్తుంది. బోరు ఆగి ఆగి పోయడం మొదలైన రైతు కట్టే ధర ఏ వేబిల్లులోనూ ఉండదు.

నేను కోరేవి నాలుగు. సీనరేజీలో నిర్ణీత వాటాను నదీతీర గ్రామాల శాశ్వత నిధిలో వేయాలి. అసలు ముట్టకుండా, వచ్చే రాబడిని వాగుల మీద చెక్‌డ్యాములకు, బోర్ల రీఛార్జికి వాడాలి. ఇసుక తవ్వే ప్రతి రీచ్‌లో వానలకు ముందు, తర్వాత ఇసుక మట్టం కొలిచి, అనుమతించినదెంతో తీసినదెంతో గ్రామసభలో చదవాలి. కేంద్ర మార్గదర్శకాలు చెప్పే మూడు మీటర్ల పరిమితిని, అంతకన్నా పైన నీరు తగిలితే అక్కడే ఆపాలన్న నియమాన్ని గీత దాటకుండా అమలు చేయాలి. జలాశయాల మొదట్లో పేరుకున్న ఇసుకను ముందు తీయాలి. అక్కడ తీస్తే నిల్వ పెరుగుతుంది, దిగువన తీస్తే ఊట తరుగుతుంది. ఇళ్లు కట్టుకోవద్దని నేననను. రాతి ఇసుకతో నడిచే పనులకు నది ఇసుక వాడవద్దంటున్నాను.

ఇక్కడి విద్యార్థులకు ఒక పని అప్పగిస్తున్నాను. మీ ఊరి రీచ్‌కు ఇచ్చిన అనుమతి పత్రం నకలును సమాచార హక్కు కింద తీసుకోండి. అనుమతి పరిమాణం, వచ్చిన సీనరేజీ, అందులో మీ పంచాయతీకి చేరిన సొమ్ము, దానితో కట్టిన ఆస్తి: ఈ నాలుగు అంకెలను ఒక కాగితం మీద రాసి వచ్చే గ్రామసభలో చదవండి. నాలుగో అంకె సున్నా అయితే, ఎందుకని అడగండి. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి. మన పెద్దసారుకు అంతకు మించిన స్మారకం లేదు.