ఒకే తీగ మీద మాటలూ, ఫైళ్లూ
ఇప్పుడు చాలా ఆఫీసుల్లో నెట్‌వర్క్ కేబుల్ ముందు ఇంటర్నెట్ ఫోన్‌కూ, అక్కణ్ణుంచి కంప్యూటర్‌కూ వెళ్తోంది. తీగల ఖర్చు తగ్గుతుంది, మంచిదే. ఫోన్ మాటకు కావలసిన చోటూ తక్కువే: మాటను అంకెలుగా మార్చే జి.711 పద్ధతిలో ఒక్కో వైపు సెకనుకు సుమారు 90 కిలోబిట్లు. కానీ మాట ఆలస్యాన్ని ఓర్చుకోదు. ఫైలు ఒక సెకను ఆగి వచ్చినా నష్టం లేదు. మాట అలా ఆగితే సంభాషణే చెడుతుంది. ఈ ఆలస్యానికి అంతర్జాతీయ టెలికాం సమాఖ్య సూచించిన మేలైన హద్దు 150 మిల్లీసెకన్లు.

అసలు ఇరుకు బయటికెళ్లే ఇంటర్నెట్ లైను దగ్గర. ఒకరు పెద్ద ఫైలు పంపుతుంటే, పక్కవారి ఫోన్లో మాట ముక్కలవుతుంది. ఫోన్లను వేరే వీల్యాన్‌లో, అంటే అవే తీగల మీద విడిగా నడిచే నెట్‌వర్క్‌లో, పెట్టడం భద్రతకు మేలు, కానీ ఈ ఇరుకు తీరడానికి అదొక్కటే చాలదు. ఫోన్లు కొనేముందే, రౌటర్‌లో మాట ప్యాకెట్లకు మొదటి ప్రాధాన్యం అమర్చమని మీ నెట్‌వర్క్ చూసేవారిని తప్పక అడగండి.