వేరా రూబిన్ వెనుక నిలిచినవారు





చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని అడిగారు. మేము సైన్సు పాఠాలు చెప్పేవాళ్లం కనుక ఒక శాస్త్రవేత్త జీవితమే చెబుతాం. ఆమె పేరు వేరా రూబిన్. 1928లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టారు.

ఆమెకు పదేళ్లప్పుడు కుటుంబం వాషింగ్టన్‌కు మారింది. ఆ పిల్ల రాత్రిళ్లు నిద్ర మానుకుని పడకగది కిటికీలోంచి నక్షత్రాల కదలిక చూస్తూ ఉండేది. టెలిస్కోపు కావాలంది. తండ్రి ఇంజనీరు. నేలమీద పరిచే లినోలియం చుట్టి ఉంచే అట్టగొట్టం ఒక దుకాణంలో ఊరికే దొరికింది. దానికి కటకం బిగించి తండ్రీ కూతుళ్లు టెలిస్కోపు తయారు చేశారు. అది అంత బాగా పనిచేయలేదు. అయినా ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకని ఆ తండ్రి అనలేదు.

వాసర్ కాలేజీలో స్కాలర్‌షిప్ వచ్చిందని ఆమె సంతోషంగా బడిలో ఫిజిక్స్ మాస్టారికి చెబితే, సైన్సు జోలికి పోకుంటే బాగానే నెగ్గుకొస్తావని ఆయన అన్నారట. ఈ మాట దగ్గర మేము తల దించుకుంటాం. పదో తరగతి పాసైన అమ్మాయి ఎంపీసీ తీసుకుంటానంటే, "ఎందుకమ్మా అంత కష్టం, సీఈసీ తీసుకో" అని మేమూ అన్నాం. ఆ పిల్ల మేలు కోరే అన్నామనుకున్నాం. "సరే టీచర్" అని వెళ్లిపోయిన పిల్లలు ఏమయ్యేవారో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

వేరా ఆగలేదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్ర పరిశోధనకు ఆడవారిని తీసుకోరన్నారు. 1975 దాకా అక్కడ అదే పద్ధతి. ఆమె కార్నెల్‌లో ఎం.ఏ. చేశారు. 1950లో నెల కూడా నిండని బిడ్డతో శాస్త్రవేత్తల సభకు వెళ్లి తన పరిశోధన వినిపించారు. మంచులో కారు నడిపి ఆమెను అక్కడికి చేర్చింది ఆమె తల్లిదండ్రులే. తరువాత జార్జ్‌టౌన్‌లో సాయంత్రం తరగతులకు వెళ్లి 1954లో పిహెచ్‌.డి. పొందారు. ఆమెకు కారు నడపడం రాదు. భర్త తీసుకెళ్లి, కారులోనే భోజనం చేసి, తరగతి అయ్యేదాకా కాచుకుని ఉండేవారు. ఇంట్లో పిల్లల్ని ఆమె తల్లి చూసుకునేది.

1965లో పాలొమార్ వేధశాలలో పరిశోధనకు అధికారికంగా అనుమతి పొందిన తొలి మహిళ ఆమె. అక్కడ ఆడవారికి మరుగుదొడ్డి లేదన్నారు. ఆమె కాగితాన్ని లంగాలా కత్తిరించి తలుపుమీది మగబొమ్మకు అతికించారు.

ఇక ఆమె కనుక్కున్నది. సూర్యుడికి దగ్గరున్న బుధుడు సెకనుకు సుమారు 47 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాడు. దూరాన ఉన్న నెప్ట్యూన్ వేగం 5 కిలోమీటర్ల పైచిలుకే. దూరం పెరిగేకొద్దీ ఆకర్షణ తగ్గుతుంది, వేగమూ తగ్గుతుంది. గెలాక్సీ అంచుల్లోని నక్షత్రాలు కూడా అలాగే నెమ్మదిగా తిరుగుతాయని అందరూ అనుకున్నారు. రూబిన్, ఆమె సహచరుడు కెంట్ ఫోర్డ్ కలిసి ఆండ్రోమెడా గెలాక్సీలో 67 వాయు మేఘాల కాంతిని రంగులుగా విడదీసి వేగం కొలిచారు. వెయ్యేళ్లకు పూర్వం, 964లో, అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ తన అరబ్బీ గ్రంథంలో చిన్న మేఘంలా ఉందని రాసిపెట్టిన గెలాక్సీయే అది.

1970లో ఫలితం ప్రకటించారు. అంచుల్లో వేగం అనుకున్నట్టు తగ్గలేదు. 1980 నాటికి 21 గెలాక్సీలు చూశారు. అన్నిటా అదే తీరు. కంటికి కనబడే నక్షత్రాల బరువు ఒక్కటే అంత వేగాన్ని పట్టి ఉంచలేదు. కనబడని పదార్థమేదో ఉండాలి. దాన్నే డార్క్ మేటర్, కృష్ణ పదార్థం అంటున్నారు. 1933లోనే జ్విక్కీ అనే శాస్త్రవేత్త ఈ మాట అన్నా పట్టించుకున్నవారు తక్కువ. రూబిన్ కొలతల తరువాత కాదనడం కష్టమైంది. విశ్వంలోని పదార్థంలో ఆరింట అయిదు వంతులు అదేనని నేటి లెక్క. అది దేనితో అయిందో ఇంకా ఎవరికీ తెలియదు. మన పిల్లలు తేల్చవలసిన లెక్క అది.

ఆమె 2016లో, 88వ ఏట కన్నుమూశారు. నలుగురు బిడ్డలూ పిహెచ్‌.డి.లు చేశారు. చిలీ దేశపు కొండమీద ఆమె పేరిట కట్టిన వేధశాల 2025లో తొలి చిత్రాలను విడుదల చేసింది.

దాతలారా, మీ సొమ్ముతో పిల్లల ఫీజులు కడుతున్నారు. అది అవసరమే. కానీ చదువు ఆగేది ప్రతిసారీ ఫీజు దగ్గర కాదు. చీకటి పడ్డాక ఇంటికి తీసుకొచ్చేవారు లేక, చంటి తమ్ముణ్ని చూసుకునేవారు లేక, బస్సు చార్జీలకు పైసలు లేక ఆగిపోతుంది. రూబిన్‌కు కారు నడిపినవారూ, పిల్లల్ని ఎత్తుకున్నవారూ ఇంట్లోనే ఉన్నారు. అలాంటివారు లేని పిల్లలకు ఆ తోడు ఎలా ఇవ్వగలమో ఈ ఏడు ఆలోచించండి. మా వంతుగా ఒక మాట ఇస్తున్నాం: నీవల్ల కాదు అన్న మాట ఇక మా నోట రాదు.