నీటిబిందెలో దైవకృప
(కడత్తూరు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు ఉదయము మనమందరము వేపపూత పచ్చడి నోట వేసికొని, పంచాంగము విని ఈ సభకు వచ్చినాము. పండుగనాడు దేవుని తలచుకొనుట ఎవరికిని మరపు రాదు. తక్కిన దినముల సంగతియే మేము మనవి చేయదలచినది.

మా చిన్నతనమున మా అవ్వ తెల్లవారుజామున తోడిన మొదటి చెంబు నీళ్లు తులసికోటలో పోసి, దండము పెట్టుకొని, ఆ తరువాతనే పొయ్యి వెలిగించెడిది. "రోజూ ఎందుకవ్వా?" అని మేమడిగితే, "రోజూ తాగడం లేదా నాయనా?" అనెడిది. అంతకు మించిన వేదాంతము మేము ఏ గ్రంథములోను చదువలేదు.

అయితే ఆ నీటిలోనే కీడును దాగియుండెను. మన ధర్మపురి జిల్లాలో పెక్కు ఊళ్ల భూగర్భజలములో ఫ్లోరైడు మితిమీరి యున్నది. త్రాగునీటిలో అది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. దాటిన నీరు ఏండ్ల తరబడి త్రాగిన బిడ్డల పండ్లపై మచ్చలు పడును. మరీ ఎక్కువైనచో పెద్దల ఎముకలు, కీళ్లు బిగిసిపోవును. "దేవుడిచ్చిన నీళ్లే గదా, బిడ్డకిట్లా ఎందుకైంది?" అని ఒక తల్లి అడిగినప్పుడు మాకు జవాబు తోచలేదు. చేదును తీపి యని చెప్పుట భక్తి కాదు. ఉగాది పచ్చడిలో బెల్లము పడినను వేపపూత చేదుగానే యుండును గదా!

జవాబు మెల్లగా దొరికినది. 2008లో హొగెనకల్ త్రాగునీటి పథకమునకు శంకుస్థాపన జరిగినది; 2013లో అది ప్రారంభమైనది. జపాను దేశపు ఋణసహాయముతో కావేరి నీటిని శుద్ధిచేసి, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు గొట్టముల ద్వారా పంపిరి. ఆ గొట్టములకై మండుటెండలో మన్ను త్రవ్విన కూలీ పేరు మనలో ఎవరికి తెలియును? దైవకృప ఇట్టి చేతుల మీదుగానే మన బిందెలోనికి వచ్చును. ఆ చేతులను మరచి దేవునికి మాత్రము పెట్టిన దండము సగము దండమే.

మన ఇరుగుపొరుగు తమిళ సోదరులు ఆడి నెల 18వ నాడు కావేరమ్మకు పూజ చేసి కృతజ్ఞత తెలుపుకొందురు. మన పెద్దలు ఉగాదికే అట్టి ధర్మమొకటి ముడిపెట్టినారు. చైత్రారంభమున చలివేంద్రము పెట్టి ఎండకాలమంతయు బాటసారులకు నీళ్లిమ్మనిరి. అంత శక్తి లేనివారిని ధర్మఘటమను పేర దినమునకొక కుండ నీళ్లు దానము చేయుమనిరి. పచ్చడి నిలుపుకొన్న మనము కుండను మరచినాము.

కనుక మా విన్నపము చిన్నది. వృథాగా పారు కుళాయిని కట్టుదము. ఇంటి ముంగిట ఒక కుండ, ఒక చెంబు పెట్టుదము. ఆ నీళ్లు ప్రతి ఉదయము పిల్లల చేత మార్పించుదము. ఊరుగాని ఊరు వచ్చినవానికి చెంబెడు నీళ్ల విలువ వలస వచ్చిన కుటుంబములకు వేరుగ చెప్పనక్కరలేదు. దాహము గొన్నవాడు నీళ్లన్నను, తణ్ణియన్నను, చెంబు అందించు చేయి మనదైనచో, ఆనాటి పూజ ముగిసినట్లే.

అందరికిని నూతన సంవత్సర శుభాకాంక్షలు. శుభమస్తు.